దూప అనే మాట

శుక్రవారం పొద్దున మా అన్న కొడుకు ఫోన్ చేశాడు. "కాకా, అమ్మ పోయింది" అన్నాడు. నేను "ఆఁ" అన్నాను. వాడు "జెల్ది రా కాకా" అని పెట్టేశాడు.

రుద్రూర్ నుంచి నిజామాబాద్ చేరేసరికి వాడి ఇంటి ముందర జనం ఉన్నారు. వదినెను వాకిట్లో పడుకోబెట్టారు. ఆమె కాళ్ళ దగ్గర వెదురు చట్రానికి కట్టిన పెద్ద పూలచక్రం ఒకటి ఉంది. దాని మీద మెరిసే కాగితం, కాగితం మీద ఒక పేరు. చదివాను. ఆ పూలచక్రాన్ని తీసుకుపోయి స్కూటర్లు పెట్టిన చోట గోడకు ఆనించాను, పేరు గోడ దిక్కు ఉండేటట్టు. ఎవరూ అడగలేదు. ముసలాయన తోవ చేస్తున్నాడు అనుకుని ఉంటారు. పారేయలేదు మరి. పూలు ఏం చేశాయి పాపం.

ఆ పేరు ఈ రాతలో ఎక్కడా ఉండదు. మర్యాద కోసం అనుకోకండి. ఆ సారుకు తన పేరు అచ్చులో చూసుకోవడమంటే చాలా ఇష్టం. అందుకే రాయను.

నాకు రాయడం అలవాటు లేదు. మా ఊళ్ళో బడి ఎంతవరకు ఉంటే అంతవరకు చదివాను. నలుగురిలో మాట్లాడటం చేతకాదు. మొన్న సంతాపసభలో మైకు నా దాకా వస్తే పక్కాయనకు ఇచ్చేశాను. అక్కడ ఒక్కొక్కరు లేచి, మా వదినె మెత్తని మనిషి అన్నారు, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి అన్నారు, అందరినీ క్షమించిన తల్లి అన్నారు. ఆ చివరి మాట వినేసరికి నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. ఆమె క్షమించలేదు. క్షమించి ఉంటే ఆమె పుస్తకం మీ చేతుల దాకా వచ్చేది కాదు. అది చెప్పడానికే రాస్తున్నాను.

మా వదినె కోటగిరి అవతల ఒక పల్లెలో చిన్నపిల్లల పంతులమ్మ. జీవితంలో ఒక్కటే పుస్తకం రాసింది, 'చిన్నక్క చెరుకు బండి'. ఈ జిల్లాలో బడికి పోయినవాళ్ళకు దాని గురించి చెప్పనక్కర లేదు. తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. చిన్నక్క పదేండ్ల పిల్ల. చెరుకు నరికిన రోజే తండ్రి జ్వరంతో పడిపోతాడు. నరికిన చెరుకు ఊరికే పడి ఉంటే ఎండిపోతుంది, ఫ్యాక్టరీ దాకా బండి తోలేవాళ్ళు లేరు. పిల్లనే తోలుకుపోతుంది. రెండు ఎద్దులు. సుక్కడు భయస్తుడు. బూరడు తిండిపోతు, నోటి దురుసు. పెద్దవాళ్ళు ఎవరూ దగ్గర లేనప్పుడు ఆ ఎద్దులు మాట్లాడతాయి. తోవలో బండెక్కించుకొమ్మని వెంటబడే నక్క ఉంటుంది, మరాఠీలో తిట్టుకుంటూనే జొన్నరొట్టె పెట్టే ముసలవ్వ ఉంటుంది. ఫ్యాక్టరీ ముందర కదలని బండ్ల వరుస ఉంటుంది. పిల్ల ఆ వరుసలోనే పడుకుని, లేచి, చివరకు బండి ఖాళీ చేసుకుని ఇంటికొస్తుంది. అంతే కథ.

అంతే కథ అంటే వదినె ఒప్పుకునేది కాదు. "కత అనకు తమ్మీ, ముచ్చట అను" అనేది. రాసిన ప్రతి కాగితాన్నీ ముందు బడిలో పిల్లలకు చదివేది. చదువుతూ చూపు కాగితం మీద ఉంచేది కాదు, పిల్లల మీద ఉంచేది. "ఒక్క పిల్లగాడు కిటికీ దిక్కు సూసిండంటే ఆడ నా ముచ్చట సచ్చిపోయినట్టె" అనేది. అక్కడికి సుద్దముక్కతోనే గీత కొట్టేది. మంచి పట్టున ఉన్నప్పుడు చదవడం ఆపి, కొప్పు విప్పి మళ్ళీ ముడి వేసుకునేది. పిల్లలు బెంచీల మీద మెలికలు తిరిగేవారు. "చెప్పు టీచర్, చెప్పు" అంటే "ఉండుండ్రి, ఎంటికలు ఊడినయి" అనేది. ఆమె కొప్పు ఎన్నడూ ఊడగా నేను చూడలేదు.

పుస్తకం అచ్చయ్యాక నిజామాబాద్‌లో సభ పెట్టారు. మా అన్నకు బస్సు పడదు, ఎక్కితే కడుపులో తిప్పుతుంది. అందుకని వదినె ఎక్కడికి పోయినా తోడు నేను. ఆనాడు కూడా నేనే పోయాను, చివరి వరుసలో కూర్చున్నాను. వదినెను నా పక్కనే కూర్చోబెట్టారు. రాసిన మనిషిని వేదిక మీదికి పిలవాలని ఎవరికీ తోచలేదు.

ఆ సారు అప్పుడు బడుల మీద అధికారి. పడుచు వయసు, చదువుకున్నవాడు, మాట బాగా సాగుతుంది. పుస్తకం గురించి చెప్పమంటే లేచి, ఒక పుట తెరిచి, కండ్లద్దాలు సవరించుకున్నాడు. బండ్ల వరుసలో ఎండకు సొమ్మసిల్లుతూ చిన్నక్క ఎద్దుతో ఒక మాట అంటుంది. "దూపైతున్నదే సుక్కా" అని. మా దిక్కు దాహాన్ని దూప అంటాం. తాతల నాటి నుంచీ అదే అంటున్నాం.

సారు ఆ మాట చదివి ఆగాడు. మళ్ళీ చదివాడు, దానికి ఒత్తు తగిలించి. "ధూపం అవుతున్నదా? పిల్లకు ధూపం ఎందుకు అవుతున్నది? ఈ కథ చెరుకు బండి మీద నడుస్తున్నదా, గుడిలో నడుస్తున్నదా?"

సభ గొల్లున నవ్వింది.

వదినె లేచి నిలబడింది. "దూప అంటె దాహం సార్" అంది. గొంతు చిన్నగా వచ్చింది గాని అందరికీ వినబడింది.

"అలాగా అమ్మా. నాకు తెలియదు. ఏ ఊరి మాటో మరి" అన్నాడు. "పిల్లలకు మంచి భాష నేర్పవలసిన పంతులమ్మలే ఇలాంటివి రాస్తే ఇక పిల్లలను ఎవరు బాగుచేయాలి?" మళ్ళీ నవ్వారు.

నేను లేచాను. ఏం చేద్దామని లేచానో నాకే తెలియదు. మాట్లాడటానికి మాత్రం కాదు. వదినె నా అంగి చేతి దగ్గర పట్టుకుని గుంజి కూర్చోబెట్టింది.

సారుకు ఆ మాట తెలియకపోవడం ఏమిటి? ఆయన తల్లి బోధన్ పక్క ఊరి మనిషి. ఆయన పుట్టింది, పెరిగింది మా చెరుకు గట్ల మీదే. చిన్నప్పుడు నీళ్ళ కోసం ఏడిస్తే ఏమని ఏడ్చి ఉంటాడు? తెలిసీ తెలియనట్టు నిలబడ్డాడు. తల్లి నేర్పిన మాటను నలుగురి ముందు ఎవరిదో అన్నట్టు చూశాడు. పుస్తకం బాగాలేదంటే వదినె పట్టించుకునేది కాదు. ఇది మాత్రం పట్టించుకుంది.

తిరుగు బస్సు ఎక్కాము. ఆమె ఏడుస్తుందేమో అని నేను బోధన్ దాకా ముఖం కిటికీ దిక్కు పెట్టుకున్నాను. బస్టాండులో దిగి ఊరి బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగింది.

"తమ్మీ, ఊదుపొగ కండ్లల్ల వడితె ఎట్లుంటది?"

"మండుతది."

"ఎంతసేపు?"

"పొగ పొయ్యేదాంక."

"పోకుంటనో?" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది, కొంచెం భయం కూడా వేసింది.

కొద్దిరోజులకు బడులకు పంపిన పుస్తకాల కట్టలు తిరిగి రావడం మొదలైంది. ఆ పుస్తకం వద్దని ఆ సారు ఎక్కడా రాసి ఇవ్వలేదు. నోటిమాటగా అన్నాడట, పిల్లల భాష చెడిపోతుందని. అధికారి నోటిమాట చాలు. కట్టలన్నీ మా అన్న మంచం కింద చేరాయి. ఆయన రాత్రి అటు ఇటు పొర్లితే కట్టలు చప్పుడయ్యేవి. "నీ బండి నా మంచం కిందికే వచ్చింది గదనే" అనేవాడు అన్న.

వదినె ఒక కొత్త ముచ్చట రాసింది. పుస్తకం అచ్చయిపోయింది కదా, ఇంకెక్కడ పెడతావు అన్నాను. "నువ్వు కుడతవు" అంది.

నిజామాబాద్‌లో బీడీ కట్టల మీద అతికించే చీటీలు అచ్చువేసే చిన్న ప్రెస్ ఒకటి ఉండేది. ఆ కొత్త ముచ్చటను అక్కడ వేయించాము. వాళ్ళ దగ్గర ఉన్నది చీటీల ఎర్ర కాగితమే. దాని మీదే వేశారు. నేను గోనెసంచులు కుట్టే దబ్బనం పట్టుకుని కూర్చున్నాను. తిరిగొచ్చిన ఒక్కొక్క పుస్తకాన్ని నడిమికి తెరిచి ఆ ఎర్ర కాగితాలు పెట్టి కుట్టాను. నా కుట్టు మోటుగా ఉంటుంది. పాత పుస్తకం మీ ఇంట్లో ఉంటే తీసి చూడండి, ఆ దారం నాదే.

ఎర్ర కాగితాల్లో ఉన్నది ఇది. బండ్ల వరుస కదలదు. ఎండ. చిన్నక్క రోడ్డు పక్క బంగ్లా తలుపు కొడుతుంది. కండ్లద్దాల దొర ఒకాయన తలుపు తీస్తాడు. "దూపైతున్నది దొరా" అంటుంది. ఆయన లోపలికి పోయి ఊదుబత్తి ముట్టించుకొచ్చి పిల్ల ముఖం చుట్టూ తిప్పుతాడు. "ఇంకా అవుతున్నదా?" అంటాడు. "ఇంకెక్కువైంది దొరా" అంటుంది పిల్ల దగ్గుతూ. సాంబ్రాణి వేస్తాడు. ఇంకా అంటే కుంపటి నిండా వేస్తాడు. బంగ్లా కిటికీల నుంచి పొగ వస్తుంది. ఇల్లు అంటుకున్నదని బండ్ల వరుసలో వాళ్ళందరూ కాలువ నుంచి కుండలతో నీళ్ళు పట్టుకుని ఉరికొస్తారు. పిల్ల కడుపు నిండా తాగుతుంది. అందరూ పోయాక ఒక్క కుండ మిగులుతుంది. దానికి కాపలా బూరడు. అప్పుడు దొర గొంతు ఎండిపోయి, కండ్లు నలుపుకుంటూ బయటికి వస్తాడు.

"దాహం" అంటాడు. బూరడు "ఇనరాలే" అంటాడు, వినబడలేదని.

"జలం" అంటాడు. "ఇనరాలే."

"పానీయం." "ఇనరాలే."

దొర అటు చూసి, ఇటు చూసి, ఎద్దు చెవి దగ్గరికి వంగి గుసగుసగా "దూప" అంటాడు. "ఇనరాలే" అంటాడు బూరడు, తోక ఊపుతూ. చివరకు దొర ఆకాశం దిక్కు నోరు తెరిచి, బండ్ల వరుస ఆ చివరి దాకా వినబడేటట్టు ఆ మాట అరుస్తాడు.

ఆ అరుపు దగ్గరికి వచ్చేసరికి ఏ బడిలోనైనా పిల్లలందరూ లేచి కలిసి అరుస్తారు. లేవమని ఎవరూ చెప్పరు.

బడుల్లోకి రానీయకపోతే పుస్తకం వేరే తోవన పోయింది. నిజామాబాద్ గల్లీల్లో ఆడవాళ్ళు వాకిళ్ళలో గుంపుగా కూర్చుని బీడీలు చుట్టేవారు. వాళ్ళకు చేతులు ఖాళీ ఉండవు, చెవులు ఖాళీ. చదువు వచ్చిన ఆడపిల్లను ఒకదాన్ని నడిమిట్ల కూర్చోబెట్టి చదివించుకునేవారు. "ఎర్ర కాయిదాలది చదువే" అనేవారు ముందే. వాళ్ళ నుంచి వాళ్ళ పిల్లలకు, పిల్లల నుంచి బడికి. అధికారి అడ్డం పెట్టిన తలుపులోంచే పిల్లల నోట్లో దూరి ముచ్చట లోపలికి పోయింది. బజారులో ఒకటడిగితే ఒకటిచ్చే దుకాణందారును "ఏందే, ధూపం దొర లెక్క చేస్తున్నవు" అనడం మొదలైంది. ఇప్పటికీ అంటారు. అనేవాళ్ళలో సగం మందికి పుస్తకం సంగతి తెలియదు.

సారు పెద్ద పెద్ద పదవులకు పోయాడు. ఒకసారి బోధన్ దగ్గర బడికి తనిఖీకి వచ్చాడు. ఆ బడి పంతులు నాకు స్వయంగా చెప్పిన సంగతి ఇది. సారు మంచి ఉషారులో ఉండి, "మీకు ఏం కావాలో చెప్పండి పిల్లలూ, నేను ఇప్పిస్తాను" అన్నాడట. వెనుక బెంచీలో ఒక ఆడపిల్ల లేచి, చేతులు కట్టుకుని, "దూపైతున్నది సార్" అంది. పంతులు గబగబా బోర్డు దిక్కు తిరిగి ఏదో తుడవడం మొదలుపెట్టాడు. బోర్డు మీద ఏమీ లేదు. ఆయన భుజాలు ఊగుతున్నాయని పిల్లలు చూశారు. ఇక పైకప్పు లేచిపోయింది. సారు టీ గ్లాసు సగంలో పెట్టి పోయాడు.

నేను ఈ సంగతి పట్టుకుని సైకిల్ మీద వదినె దగ్గరికి పోయాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆపి విన్నది. "మల్లొక్కసారి చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. "ఆ పిల్ల చేతులు కట్టుకున్నదా?" అని అడిగింది. కట్టుకుంది అన్నాను. మా అన్న పొలం నుంచి వచ్చాక ఆయన ముందర ఇంకోసారి చెప్పించింది. ఆ పూట నా టీలో చక్కెర రెండింతలు వేసింది. నా జీవితంలో నేను ఎక్కువ మాట్లాడిన రోజు అదే కావచ్చు.

పిల్లలకు ఈ పుస్తకం ఎందుకింత ఇష్టమో సంతాపసభలో చదువుకున్నవాళ్ళు చాలా కారణాలు చెప్పారు. నాకు తోచింది ఒకటే. ఇంటి మాట నోట్లో పెట్టుకుని బడికి పోయిన ప్రతి పిల్లకూ, మొదటి రోజే, ఆ మాట అర్థం కానట్టు ముఖం పెట్టే మనిషి ఒకరు ఎదురవుతారు. అడిగింది నీళ్ళని వాళ్ళకు తెలుసు. తెలుసని పిల్లకూ తెలుసు. దానికి పిల్ల చేయగలిగింది ఏమీ లేదు. వదినె ఒక ఎద్దును కాపలా పెట్టి, పిల్ల చేయలేని ఆ పని చేసి చూపించింది.

ఆమె ఎన్నడూ పిల్లలను కొట్టలేదు. గట్టిగా కేకలు వేసేది కాదు. కాని మరిచిపోయేది కూడా కాదు. పోనియ్యి వదినె, మరిచిపో అని ఎవరన్నా అంటే, "మర్శిపోవుడు మంచి గుణమంటరు. ఎవలంటరు? కొట్టినోళ్ళంటరు" అనేది. ఆమెకు నిజంగా కోపం తెప్పించే మాట ఒకటుంది. అది మా ఇంట్లోనే పుట్టింది. "పట్నంల సదివినోడు, ఆయనకు నిజంగనే యాది లేకుండె కావచ్చు" అనేవాడు మా అన్న. అప్పుడు ఆమె కంచం చప్పుడయ్యేటట్టు కింద పెట్టేది. అన్న పోయాక అదే మాట కొడుకు అందుకున్నాడు. వాడు మంచివాడు, తల్లి అంటే ప్రాణం. కాని తల్లి ఒక మనిషి మీద ఊరికే పగ పెట్టుకుందేమో అన్న అనుమానం వాడిలో ఉండనే ఉంది. అది ఆమెకు తెలుసు. ఆ అనుమానం తీరకుండానే పోయింది.

ఇక ఇప్పటి సంగతి.

దినాలు అయ్యాక నేను ఇంకా నిజామాబాద్‌లోనే ఉన్నాను. ఒకనాడు ఎండపూట సారు వచ్చాడు. ఆయన వయసులో నాకంటే పెద్ద, ఇప్పుడు బాగా ముసలాయన. కర్ర పట్టుకుని మెట్లెక్కి, ఆయాసపడుతూ కూర్చున్నాడు. వదినె ఫోటోకు చేతులు జోడించాడు.

"మీ అమ్మగారు నాకు శిష్యురాలి వంటిది" అన్నాడు మా అన్న కొడుకుతో. "ఆమె పుస్తకాన్ని నేను కొత్తగా వేయిద్దామనుకుంటున్నాను. మంచి కాగితం, రంగుల బొమ్మలు. రాష్ట్రమంతటా పోతుంది. ముందుమాట నేనే రాస్తాను. భాష అక్కడక్కడ కొద్దిగా సరిచేద్దాం. ఆ మధ్యలో కుట్టిన భాగం ఉంది చూశారూ, అది అసలు కథకు అడ్డం. దాన్ని తీసేద్దాం."

నేను తలుపు పక్క స్టూలు మీద ఉన్నాను. నా దిక్కు ఆయన చూడలేదు. నేను ఎవరో ఆయనకు గుర్తు లేదు.

మా అన్న కొడుకు నన్ను పక్కకు పిలిచాడు. "కాకా, అమ్మ పుస్తకం రంగులల్ల వస్తది. ఊరూర ఉంటది. అమ్మ పేరు నిలుస్తది" అన్నాడు మెల్లగా.

"ఎర్ర కాగితాలు?"

"అదొక్కటే గద కాకా పొయ్యేది. నువ్వే చెప్పు, ఆయనకు నిజంగ తెల్వకుండె కావచ్చు గద. ఇన్నేండ్లు మనమే పగ పట్టినమేమో. ముసలాయన, ఇంటిదాంక వచ్చిండు."

నాకు చెప్పడానికి చాలా ఉంది. నోరు తెరిచేలోపే వాడు పోయి సారు ముందర కూర్చున్నాడు. ఒప్పుకోబోతున్నాడని వాడి వీపు చూస్తేనే తెలుస్తోంది. వదినె రాసినదాన్ని నేను కుట్టాను, వాడు ఒక్క మాటతో కుట్టు విప్పేస్తాడు.

సారు గొంతు సవరించుకుని వంటింటి దిక్కు చూశాడు. "అమ్మా, కాసిన్ని మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

మా కోడలు, అంటే మా అన్న కొడుకు భార్య, చెంబు పట్టుకుని వంటింటి గడపలో నిలబడింది. ఆమె బీడీలు చుట్టిన ఇంటి పిల్ల. ఆ వాకిట్లో నడిమిట్ల కూర్చుని చదివిన ఆడపిల్లల్లో ఆమె కూడా ఒకతె.

"ఇనరాలే సారు" అంది.

"దాహమమ్మా, దాహం."

"ఇనరాలే."

మా అన్న కొడుకు "ఏందే అది?" అని కసిరాడు. శత్రువు గడప తొక్కినా ముందు నీళ్ళిచ్చే ఇల్లు మాది. ఆమె కదలలేదు. సారు కర్ర మీద చేతులు బిగించాడు. ఆయనకు అర్థమైంది. ఆ పుటలు ఆయన చదవకుండా ఎట్లా ఉంటాడు? కోపంగా ఏదో అనబోయాడు, దగ్గు వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం, ఎండ, వయసు. దగ్గు ఆగి, కండ్లు తుడుచుకుంటుంటే ఆయన నోట్లోంచి వచ్చింది.

"దూపైతున్నదే బిడ్డా, జరన్ని నీళ్ళియ్యి."

వేరే యాస ఏదీ కలవలేదు. ఒత్తు లేదు. మా ఊరి ముసలాయన ఎవరైనా అన్నట్టే ఉంది, చివర ఆ సాగదీత సహా.

కోడలు గబగబా వచ్చి చెంబు ఆయన చేతుల్లో పెట్టింది. ఒలకకుండా కింద తన చెయ్యి కూడా పట్టింది. ఆయన గటగట తాగాడు. మా అన్న కొడుకు ఆయన ముఖం దిక్కే చూస్తున్నాడు.

"అయితే మీకు ఎర్కనే ఉండె గద సారు" అన్నాడు.

సారు చెంబు కింద పెట్టాడు. "మీ అమ్మగారిది దీర్ఘమైన పగ" అన్నాడు, మళ్ళీ తన భాషలోకి పోయి.

"అవును సారు" అన్నాను నేను. "నాది గూడ."

అప్పుడు నన్ను చూశాడు. ఆ సభలో లేచి నిలబడ్డవాడినని గుర్తుపట్టాడో లేదో తెలియదు.

"పుస్తకం మేమే ఏసుకుంటం సార్" అన్నాడు మా అన్న కొడుకు. "ఏదీ తియ్యం."

ఆయన లేచాడు. మా అన్న కొడుకు ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపి కారు దాకా తోడుపోయాడు. అది వాడి మర్యాద. నేను గడప దాటలేదు. జాలి కలిగిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. కలగలేదు. వదినె కొన్నాళ్ళు ఆగి ఉంటే తన చెవులతో వినేది కదా అని మాత్రం అనిపించింది. ఆ బాకీ కూడా ఆయన లెక్కలోనే వేసుకున్నాను.

వాడు పైకి వచ్చి భార్యను తిట్టడం మొదలుపెట్టాడు. "ఇంటికొచ్చిన ముసలాయనకు నీళ్ళియ్యవానే?"

"నిజంగనే ఇనరాలే" అంది కోడలు. "మిక్సీ నడుస్తుండె."

మిక్సీ ఏమీ నడవలేదు. వాడు వంటింట్లోకి పోయి చూసి వచ్చాడు. తరువాత తల్లి ఫోటో ముందర నిలబడ్డాడు. "నాకు జెర అనుమానం ఉండె కాకా" అన్నాడు, ఫోటోను చూస్తూనే. "ఆమెకు ఎర్కనే" అన్నాను.

పుస్తకం అచ్చుకు ఇచ్చాము. నడిమి కాగితాలు ఎర్రగానే ఉండాలని చెప్పాను. ఇప్పుడు ప్రెస్సుల్లో అన్నీ కంప్యూటర్లే. నిన్న పోయి కూర్చున్నాను. అక్కడ టైపు చేసేది ఒకావిడ, నలభై దాటి ఉంటుంది. బూరడి మాటలు కొడుతూ తనలో తాను నవ్వుకుంటోంది. కాసేపటికి ఆగి నన్ను పిలిచింది.

"బాపూ, ఇటు రా. ఈ మాటలన్ని తప్పని సూపిస్తున్నది."

"ఎవరు?"

"మిషను. తప్పున్న కాడ కింద ఎర్రగీత గీస్తది. దిద్దాల్నా?"

వంగి చూశాను. దూప కింద గీత. ఇనరాలే కింద గీత. ముచ్చట కింద, సుక్కడి కింద, బూరడి కింద. దొర మాట్లాడిన జలం, పానీయం కింద ఏమీ లేదు, అవి శుభ్రంగా ఉన్నాయి.

"దిద్దకమ్మా" అన్నాను. "ఒక్కటి గూడ ముట్టకు."

"నువ్వేం రంది పెట్టుకోకు, గీతలు అచ్చుల రావు" అంది. టీ తాగొస్తానని లేచి పోయింది. నన్ను కూడా రమ్మంది. నేను పోలేదు. ఆమె లేనప్పుడు ఎవరైనా వచ్చి దిద్దుతారేమో అని కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నాను. తెర నిండా మా మాటలు, ప్రతి మాట కిందా ఎరుపు. కల్లంలో పండుమిరపకాయలు ఆరబోసినట్టు ఉంది. ఆ ఘాటును కండ్లలోకి కొట్టే గాలి ఇంకా లేవలేదు.